నిమ్మకాయ తొక్కే బండి

చేత్తో తిప్పితే తిరిగే స్కూటర్లన్నీ ఈ నెలాఖరుకి అప్పగించాలన్నారు. అందుకే సుభాషిణి సంచిలో నిమ్మకాయలు వేసుకుని రావులపాలెం షోరూముకి వచ్చింది. మంచాన పడ్డ చెల్లెలు గోదావరి లంకలో ఉంది. అక్కడికి పోయే గట్టు దారిని, తమంతట తామే నడిచే ఈ కొత్త బళ్ళు దారిగానే ఒప్పుకోవు. చెప్పిన మాట వినే బండి ఒక్కటైనా ఉండకపోతుందా అని ఆమె ఆశ. నిమ్మకాయ తొక్కమంటే తొక్కే బండి గట్టు కూడా ఎక్కుతుంది.

మొదటి బండి నీళ్ళ మీద పడవలా మెత్తగా పోయింది. రెండోదాని మీద కూర్చుంటే గుంతలే తెలియలేదు. హ్యాండిలు మాత్రం రెండింటికీ పేరుకే, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని పెట్టారు. చక్రం ముందు పెట్టిన నిమ్మకాయను రాయనుకుని రెండూ పక్కకి తప్పుకున్నాయి.

మూడోది నిమ్మకాయను చితక్కొట్టి ముందుకెళ్ళింది. సుభాషిణికి ప్రాణం లేచొచ్చింది.

"ఇదే ఇచ్చెయ్యి బాబూ. ఇది నా మాట వింది."

బళ్ళు చూపిస్తున్నతను నొచ్చుకున్నాడు.

"మీ మాట కాదండి. కొత్త బండి నిమ్మకాయ తొక్కడం మన ఆనవాయితీ అని దీనికి ముందే నేర్పారండి. మీరు ఎక్కకపోయినా తొక్కుద్దండి."

ఆమె నమ్మలేదు. మళ్ళీ ఎక్కి హ్యాండిలు గట్టు వైపు తిప్పింది. బండి మెల్లగా వెనక్కి మళ్ళి, తీసిన చోటికే వచ్చి నిలబడింది.

సుభాషిణి చాలాసేపు దిగలేదు.

"రంగు మాత్రం మీ ఇష్టమేనండి," అన్నాడతను. "ఏది రాయమంటారు?"