సగం మాట

లిఫ్టు తలుపులు మూసుకోబోతుంటే ఒక ముసలావిడ చేతికర్ర అడ్డం పెట్టింది.

చర్చికి పెట్టుకెళ్లే ఊదారంగు టోపీ కింద మనిషి ఎముకల గూడులా ఉంది. లోపలికొచ్చి గోడకి ఆనుకుని రొప్పింది.

"ఏ అంతస్తమ్మా?" అన్నాడు ఆర్లిస్ గ్రేడీ.

"నువ్వెళ్లేదానికే నాయనా. మనవాళ్ల సభకే."

నల్లజాతి సినీ విమర్శకులు ఏటా లాస్ ఏంజెలెస్‌లో బహుమతులిచ్చే సభ అది. ఈసారి ఉత్తమ సహాయ నటుడు ఆర్లిస్. నెత్తి నెరిశాక దక్కింది.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"నీ సినిమా చూశాను. ఆసుపత్రిలో ఏడుపు ఎక్కువైంది."

ఆర్లిస్ మొహం ముడుచుకుంది.

"పోయిన కొడుకు చొక్కా మడతపెట్టావు చూడు, అది మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు."

లిఫ్టు ఆగింది.

"కాస్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తావా? కాళ్లు మాట వినడం లేదు."

అవతల ఫొటోలవాళ్లు పిలుస్తున్నారు.

"ఇక్కడ కూర్చోండమ్మా, ఎవరినైనా పంపిస్తాను" అని కుర్చీ చూపించి వెళ్లిపోయాడు.

పంపడం మరిచిపోయాడు. అతని మనసంతా ఓర్లీన్ మేబ్రీ అనే విమర్శకురాలి మీదే ఉంది.

అతని మొదటి సినిమాకి నల్లజాతివాళ్ల పేపర్లో ఆవిడ రాసిన మాట పేటంతా పాకింది. 'ఈ కుర్రాడు బస్సు కోసం నిలబడ్డవాడిలా నటిస్తాడు.'

సెలూన్ వాళ్లకి ఒక మాట దొరికితే వదులుతారా? కుర్చీ ఎక్కితే చాలు, "ఏరా ఆర్లిస్, బస్సొచ్చిందా?" అనేవారు. వాళ్లమ్మని పూడ్చిన వారం కూడా ఒకడు అన్నాడు. ఆ మంట ఇంకా ఆరలేదు. ఓర్లీన్ మొహం ఎరగడు గానీ, ఇవాళ అందరిముందు బదులు చెప్పాలని వచ్చాడు.

పేరు పిలిచారు. విమర్శకుల సంఘం పెద్ద హోసియా బహుమతి అందించాడు.

"ఓర్లీన్ మేబ్రీ గారూ, ఎక్కడ కూర్చున్నారో గానీ, బస్సొచ్చిందండీ" అన్నాడు మైకులో.

ఎవరూ నవ్వలేదు. ముందు బల్ల దగ్గర ఒకామె కళ్లు తుడుచుకుంది.

తెర వెనక హోసియాని పట్టుకున్నాడు. "ఏమైందన్నా?"

"నీకెవరూ చెప్పలేదా? ఓర్లీన్ ఇందాకే పోయింది. లిఫ్టు దగ్గర కుర్చీలో, ఒక్కతే. సభ ఆపితే లేచొచ్చి తిడుతుందని ఆపలేదు."

ఆర్లిస్ లిఫ్టు వైపు తిరిగాడు. "ఊదా టోపీ ఆవిడా?"

"ఆవిడే. డాక్టర్లు మంచం దిగొద్దంటే వింటేనా? నీకు తన చేత్తోనే ఇవ్వాలంది. ఏటా బహుమతికి నీ పేరెత్తేది ఆవిడొక్కతే, మేం పెదవి విరిచేవాళ్లం."

"మరి ఆ బస్సు మాట?"

"నువ్వు చదివావా?"

"లేదు. సెలూన్లో విన్నాను."

హోసియా అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"వాళ్లు సగమే చెప్పారు తమ్ముడూ. దానికిందే రాసింది, 'బస్సు తప్పక వస్తుంది, వచ్చేదాకా అతని పక్కన నేనూ నిలబడతాను' అని."