గినీపందికి తోడు

“కనిగిరి పిల్లోడు మన కామాక్షిని చేసుకుంటానన్నాడు, మామా. మొగుడు పోయిన పిల్లయినా సరేనంట. మద్రాసు నుంచి విడిపోయి రాష్ట్రమే కొత్తదొచ్చె, మనం మారగూడదా?” అన్నాడు పెండ్లిళ్ల పేరయ్య గోవిందయ్య.

“మా ఇంట్లో రెండో పెండ్లి ఆచారం లేదు. పోయిరా,” అన్నాడు ఉమామహేశ్వర్లు శెట్టి.

గోవిందయ్య మెట్లు దిగగానే, శెట్టి బుట్టలోంచి కుందేలుపిల్లంత మగ గినీపందిని తీసి, ఆడది ఒంటరిగా ఉన్న పంజరంలో వదిలాడు.

“ఇంకోటెందుకు నాయనా?” అంది కూతురు కామాక్షి.

“దీని జత చచ్చినకాడ్నుంచి ఇది గడ్డి ముట్టలేదు గదమ్మా. తోడు లేకుంటే ఈ జాతి దిగులుతోనే పోతదంట. మద్రాసంతా తిరిగి తెచ్చినా.”

ఆడది మెల్లగా కొత్తదాని పక్కకు చేరి గడ్డి కొరికింది. శెట్టి మురిసిపోయాడు.

“దీనికి మన ఆచారం చెప్పలేదా, నాయనా?” అంది కామాక్షి.

శెట్టి చెప్పుల్లేకుండానే వీధిలోకి నడిచాడు.

“గోవిందయ్యా, ఒకసారి ఇట్ల రా.”