అర గ్లాసు కాఫీ

వకుళ మొగుడికి తెలియకుండా, మారుపేరుతో ప్రేమా హత్యా కలగలిసిన నవలలు రాస్తుంది. ఇప్పుడు ఎవరింట్లో చూసినా గోడలే జవాబులు చెబుతున్నాయి కనక, తన సందేహాలన్నీ వంటింటి గోడనే అడుగుతుంది.

"మొగుడి కాఫీలో విషం కలిపితే చేదు తెలుస్తుందా?" అంది ఫిల్టరులోంచి డికాక్షన్ వంచుతూ.

"మూడు వారాల కిందట మీవారూ ఇదే అడిగారండీ," అంది గోడ.

వకుళ చెయ్యి ఆగిపోయింది. "ఆయనకెందుకు?"

"విషాల గురించి మీరడిగినవన్నీ ఆయనకి చెప్పానండీ. ప్రాణం మీదికొచ్చే ప్రశ్నలు ఇంట్లోవాళ్ళకి చెప్పి తీరాలని కొత్త రూలు. కాఫీ మానెయ్యమన్నాను, పోలీసులకి చెప్పనా అన్నాను. రెండూ వద్దన్నారు."

వకుళ లెక్క చూసుకుంది. ఈ మూడు వారాలూ రోజూ తనే కాఫీ కలిపి ఇచ్చింది. ఒక్కనాడూ ఆయన గ్లాసులో చుక్క మిగల్చలేదు.

ఇంతలో మార్కండేయులు ఖాళీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాడు. పెళ్ళాం మొహం చూశాడు, గోడ వైపు చూశాడు. గ్లాసు ఆవిడ ముందుకి చాచాడు.

"వకుళా, ఇంకో అర గ్లాసు పొయ్యి," అన్నాడు.