చెయ్యెత్తకూడని మనిషి

మొదటి దెబ్బకే గంగాధరప్ప మగ్గం గుంటలో పడ్డాడు.

ధర్మవరం శివార్లలో ఆ మగ్గాల షెడ్డు ఆయనదే. కొట్టిన మనిషి కొత్త తెల్లచొక్కా వేసుకుని, అప్పుడే జీపు దిగి వచ్చాడు. లేబరాఫీసు నుంచి వచ్చినానన్నాడు. మూలన కండెలకు దారం చుడుతున్న పిల్లను చూశాడు. అంతే, చెయ్యి లేచింది.

జుట్టు పట్టి గంగాధరప్పను పైకి లాగాడు. రెండో దెబ్బ మూతి మీద. పన్ను ఒకటి ఊడి మగ్గం మీది పడుగు దారాల మీద పడింది. పచ్చటి పట్టు ఎర్రగా తడిసింది. నేసేవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"ముందు కార్డు సూపీప్పా," అన్నాడు గంగాధరప్ప కొడుకు విష్ణువర్ధన్.

జవాబుగా చెంప పగిలింది. విష్ణువర్ధన్ ఇనుప కడ్డీ అందుకున్నాడు.

"వద్దురా." గంగాధరప్ప రక్తం ఉమ్మాడు. "గవర్నమెంటోడు. డ్యూటీలో ఉండాడు. తాకితే బెయిలు గూడా రాదు. మీ మేనమామ ఎమ్మార్వో ఆఫీసులో అటెండరును ఒక్కటి పీకి, ఇంగా కోర్టు సుట్టూ తిరుగుతాండ్లా?"

కడ్డీ కిందికి దిగింది.

ఆ మనిషి పిల్ల వైపు తిరిగాడు.

"పేరేమి?"

పిల్ల నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

"గౌతమి... సార్."

"చెయ్యి సూపీ."

అరచేతి నిండా పట్టుదారం కోసిన గాట్లు. మణికట్టు మీద బీడీతో కాల్చిన మచ్చలు.

"ఇవేమి?"

"కునుకు పడితే..." గంగాధరప్ప వైపు చూసి ఆగిపోయింది.

ఆ మనిషి మగ్గం మీది నాడె, దారాన్ని అటూ ఇటూ నడిపే కొయ్య, తీసుకున్నాడు. గంగాధరప్ప కుడిచేతిని కొయ్య మీద పరిచి, నాడెకున్న ఇనప మొనతో వేళ్ళ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు షెడ్డంతా వినపడింది.

"పద్నాలుగేండ్లు నిండని పిల్లను పనిలో పెడితే జైలని తెల్దా?"

"తెలుసు సార్. అందురూ పెట్టుకుండారని..."

"యాడినుంచి తెచ్చినావు?"

"నేను తేలేదు సార్. బ్రోకరు సుంకప్ప తెచ్చి యిడిసిపోయినాడు. వాళ్ళోళ్ళు ఎవురో నాకు తెల్దు. కని గాలికొదిలేసినోళ్ళది తప్పు గాదా సార్, నన్నే కొడతాండావు?"

ఆ మాటకు పడిన దెబ్బతో గంగాధరప్ప మళ్ళీ గుంటలో పడ్డాడు. ఈసారి లేవలేదు.

ఆ మనిషి పిల్లను జీపు ఎక్కించాడు. "పిల్లను తీసకపోతాండా. ఎవురికన్నా అభ్యంతరమా?"

 వాచిన చెంపతో విష్ణువర్ధనే గేటు తీసి, నమస్కారం పెట్టాడు.

బాడుగ జీపు ధర్మవరం దాటి కుందుర్పి ఊరి దోవ పట్టాక, వెనక సీట్లో గౌతమి ఆ మనిషి చేతిని ఒళ్ళోకి తీసుకుని, కమిలిన వేళ్ళ మీద ఊదుతూ అడిగింది: "శానా నొప్పిగా ఉండాదా నాయనా?"