కండెకు భయం

“పోయినసారి దీన్ని ఏం జేసిన్రో నిజం చెప్పున్రి మేడమ్,” అన్నాడు రాజలింగం, దవాఖాన బల్ల మీద వణికిపోతున్న కుక్కను అదిమిపట్టుకుని.

పశువుల డాక్టరు జేబా సూదిని పక్కన పెట్టింది. “టీకా ఇచ్చిన, గంతే. మీరే చెప్పున్రి, ఇంట్ల కొడ్తున్నరా దీన్ని?”

“నా కండెనా? బట్ట నేసే సాంచాల నడుమ పుట్టి పెరిగింది. బిడ్డ లెక్క సూసుకుంటం.”

ఆమె నమ్మలేదని ఆ చూపే చెబుతోంది. ఆయనా ఆమె చేతుల మీంచి కళ్లు తిప్పడం లేదు. చడీచప్పుడు లేని ఆ గదిలో కండె గోళ్లు మాత్రం బల్ల మీద టకటకలాడుతున్నాయి.

ఫోన్ మోగింది. రాజలింగం స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు.

“ఏమాయె? సూదిచ్చిన్రా?” సాంచాల మోతలోంచి భార్య అరిచింది.

కండె చెవులు నిక్కించింది. వణుకు ఆగిపోయింది. ఫోన్‌కు మూతి ఆనించి పడుకుంది.

“ఫోన్ పెట్టెయ్యద్దని చెప్పున్రి,” అంది జేబా మెల్లగా. సూది ఎప్పుడు దిగిందో కండెకు తెలియనే లేదు.

“అమ్మ గొంతు గుర్తువట్టింది,” అంది డాక్టరు.

“గొంతు కాదు మేడమ్, సాంచాల చప్పుడు. ఇంట్ల కరెంటు పోయినా గిట్లనే వణుకుతది. నేనే మిమ్ముల అనుమానపడ్డ.”

“నేను గూడ. అంటే చప్పుడు లేకుంటే భయమా దీనికి?”

రాజలింగం కండె తల నిమిరాడు.

“ఆర్డర్లు లేక సాంచాలు బందైననాడు మా ఇంట్ల ఎవ్వలకూ నిద్ర పట్టది మేడమ్.”