వెనక వరస బాబాయ్

"బాబాయ్ వచ్చాడా?"

ముఖానికి నల్లరంగు పులుముకుంటూనే అడిగాడు హాస్యనటుడు.

"వచ్చాడండీ," అన్నాడు టికెట్లు చింపే తాత. గేటు దగ్గర జనం తోసుకుంటున్నారని మరో మాటకు ఆగకుండా పరుగెత్తాడు.

బాబాయ్ అంటే చుట్టమేమీ కాదు. నాలుగేళ్లుగా ప్రతి శనివారం చివరి వరసలోంచి వినిపించే ఒక నవ్వు. కడుపులోంచి పొంగే ఆ నవ్వు మొదలైతే చాలు, హాలంతా దాని వెంట పడేది.

వేదిక మీది దీపాల వెలుగుకు వెనక వరసలు కనిపించవు. అందుకే నటుడు ఆ ముఖం ఎన్నడూ చూడలేదు. మనసులోనే ఆ నవ్వుకు ఓ బట్టతల, ఓ బొజ్జ తగిలించి, తనకంటూ ఒక బాబాయిని తయారు చేసుకున్నాడు.

ఆ రోజు టీవీవాళ్లు వచ్చారు.

"జనం నవ్వితే ఏడాది పాటు కార్యక్రమం మీదే. నవ్వకపోతే మమ్మల్ని అనకండి," అని ఛానెలావిడ ముందే తేల్చి చెప్పింది. అటు హాలు యజమాని కూడా వచ్చే నెల నుంచి శనివారాలు ఇంకొకరికి ఇచ్చేస్తానంటున్నాడు.

అందుకే కొత్త ఐటెం కట్టాడు. సముద్రం దాటి ఆ ఊరికి పని కోసం వచ్చిన నల్లజాతివాళ్ల మీద. ఉంగరాల విగ్గు, లావుపాటి పెదాలు, గిర్రున తిప్పే కళ్లు, వంకర మాట. ఒక జాతినంతా రంగుడబ్బాలో ముంచి తీయడం ఎంత సులువో!

తెర లేచింది. నటుడు గెంతాడు. కళ్లు తిప్పాడు.

వెనక నుంచి నవ్వు రాలేదు.

వంకర మాట అందుకున్నాడు. అయినా రాలేదు. జనం కుర్చీల్లో అటూ ఇటూ కదిలారు.

'బాబాయ్, ఏమైంది నీకివాళ?'

నటుడికి ముచ్చెమటలు పోశాయి. అప్పుడు కనిపించాడు, మొదటి వరసలో ఒక నల్లజాతి మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికింది.

"అదిగో, మా అన్నయ్య కూడా వచ్చాడు! దీపాలార్పితే ఎక్కడున్నావో తెలీదన్నయ్యా, కాస్త పళ్లు కనపడేలా నవ్వు!"

నలుగురు కిసుక్కుమన్నారు.

అంటుండగానే నటుడికి సిగ్గేసింది. కానీ నోరు ఆగలేదు.

"నవ్వవేం? మీవాళ్లకి జోకు తలకెక్కాలంటే రెండ్రోజులు పడుతుందా?"

ఆ మనిషి లేచాడు.

"నవ్వడానికే వచ్చానండీ," అన్నాడు మెల్లగా.

అంతే. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నటుడు పాత జోకులన్నీ బయటికి తీశాడు. ఎన్నడూ గురి తప్పని జోకులు. ఒక్కొక్కటే తుస్సుమన్నాయి. అరగంటకే ఛానెలావిడ కెమెరాలు సర్దించింది. వెళ్తూ అతని వైపు చూడను కూడా లేదు.

రంగు కడుక్కోకుండానే వచ్చి తాత మీద విరుచుకుపడ్డాడు నటుడు.

"బాబాయ్ వచ్చాడన్నావు కదా! ఎక్కడ? ఇన్నేళ్లు నవ్వి, సరిగ్గా ఇవాళే నన్ను నట్టేట ముంచాడు. చివరి వరసలో అసలున్నాడా?"

"లేడండీ."

తాత తలెత్తలేదు.

"ముందు వరస ఖాళీగా ఉంటే కెమెరాలో బాగుండదని ఆ టీవీ ఆవిడ అంటే, ఇన్నాళ్లకి మీరూ ఆయన ముఖం చూస్తారు కదా అని, బాబాయిని నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మీ ఎదురుగా కూర్చోబెట్టాను."