చీలని కణం

“ఏం కనిపిస్తోందమ్మా?”

అప్పలనర్సమ్మ మైక్రోస్కోపు మీంచి కన్ను తియ్యలేదు.

“చేప పిండంలో కణం సార్. చీలడానికి సిద్ధంగా ఉంది. క్రోమోజోములు మధ్యలో వరస కట్టాయి.”

బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు త్రినాధరావు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. 1964లో అనకాపల్లి కాలేజీ నుంచి బీయస్సీ జువాలజీ ప్రాక్టికల్స్‌కి కూర్చున్న ఒకే ఒక్క ఆడపిల్ల ఆమె. మునగపాకలో చెరకు పండించే పరదేశి కూతురు.

పొద్దున్న బస్సెక్కిస్తూ కూడా పరదేశి పాత మాటే చెప్పాడు.

“సూడమ్మా, ఫస్టు కలాసు వత్తే ఎమ్మెస్సీ సదివిత్తాను. రాకపోతే ఆ సమ్మందం కాయం సేసేత్తాను. కుర్రోడు డిగ్రీ తప్పేడు గానీ రైల్వేలో ఉజ్జోగం. ఆళ్ళకీ ఇదే మాట సెప్పేను.”

ఆ సంబంధం ఊసెత్తితే నర్సమ్మ లేచి వెళ్ళిపోయేది. కుర్రాడి పేరు కూడా అడగలేదు.

“మధ్యనున్న ఆ పోగులు ఎక్కణ్ణుంచి వచ్చాయి?” త్రినాధరావు అడిగాడు.

ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టి తడబడింది.

“ఫరవాలేదు, తెలుగులో చెప్పు” అన్నాడాయన మెత్తగా.

“కణంలో విడివిడిగా ఉన్న ప్రోటీనే పోగుల్లా కట్టుకుంటుంది సార్. చీలడం అయిపోయాక మళ్ళీ విడిపోతుంది.”

“ఎప్పుడు కట్టుకోవాలో, ఎప్పుడు విడిపోవాలో దానికెవరు చెబుతారు?”

అది సిలబస్‌లో లేని ప్రశ్న. పక్కన నిలబడ్డ లెక్చరర్ జమాలుద్దీన్ ఇబ్బందిగా కదిలాడు. నర్సమ్మ ముఖం మాత్రం వెలిగిపోయింది.

“ఎంజైములే అయ్యుంటాయంటున్నారు సార్. ఇంకా పూర్తిగా తేలలేదు. ఏటీపీని విడగొట్టి శక్తినిచ్చే ఎంజైము ఒకటి ఆ పోగుల్లోనే దొరికిందట. సీ అర్చిన్ అనే సముద్ర జీవి గుడ్లలో చూశారు.”

“అది పనిచెయ్యకపోతే?”

“క్రోమోజోములు ఎక్కడివక్కడ నిలబడిపోవచ్చు సార్. కణం చీలదు.”

“చచ్చిపోతుందా?”

“వెంటనే చావదు సార్. బతికే ఉంటుంది. ముందుకి వెళ్ళదు, అంతే.”

త్రినాధరావు ఆమెకేసి తిరిగాడు.

“ఇదంతా ఎక్కడ చదివావు?”

“జమాలుద్దీన్ మేష్టారు జర్నల్స్ తెచ్చిచ్చారు సార్. ఎమ్మెస్సీలో దీనిమీదే పనిచెయ్యాలనుంది.”

“మరి వంటా వార్పూ వచ్చా?” అని నవ్వాడాయన.

ఆమె కూడా నవ్వేసింది. పరీక్ష బాగా అయిందని ఆయన అలా చెబుతున్నాడనుకుంది.

సాయంత్రం వరండాలో జమాలుద్దీన్ ఆమెను పిలిచాడు.

“ఇన్నేళ్ళలో ఇలాంటి వైవా వినలేదమ్మా. సీటు వచ్చినట్టే అనుకో.”

బస్సులో మునగపాక దాకా నర్సమ్మకి కూర్చోవాలనిపించలేదు. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్ళింది.

వేసవి సెలవుల్లో పేపర్లో రిజల్ట్స్ పడ్డాయి. ఫస్టు క్లాసు వరసలో ఆమె నంబరు లేదు. సెకండు క్లాసులో ఉంది.

మార్కులు చూసి జమాలుద్దీన్ నమ్మలేదు. పేపర్లన్నిట్లోనూ మంచి మార్కులే. జువాలజీ ప్రాక్టికల్స్‌లో మాత్రం అత్తెసరు. ఎక్కడో కూడికలో పొరపాటు జరిగి ఉంటుందని యూనివర్సిటీకి వెళ్ళి అడిగాడు. పొరపాటు లేదన్నారు. బయటి ఎగ్జామినరుదే చివరి మాటన్నారు.

తిరిగొచ్చి సైకిలు మీద మునగపాక వెళ్ళాడు. పరదేశి చెరకు తోటలో నీళ్ళు మళ్ళిస్తున్నాడు.

“ఒక్క ఏడాది ఆగండి పరదేశిగారూ. మళ్ళీ పరీక్షకి కడదాం.”

“మాటిచ్చేనండి బాబూ. ఆళ్ళు సుట్టాలందరికీ సెప్పేసుకున్నారు. ఇప్పుడు కాదంటే ఏటి బాగుంటాది?”

“ఆ పిల్ల చెప్పిన సమాధానాలు నేను విన్నానండీ. అన్యాయం జరిగింది.”

పరదేశి పార గట్టున పెట్టి, బురద చేతులకేసి చూసుకున్నాడు.

“నాకు మాత్తరం బాద లేదేటండి? పెద్ద సదువులు సదివినోరు ఏసిన మార్కులు. నాబోటోడు కాదంటే సెల్లుతాదా?”

నర్సమ్మ మజ్జిగ గ్లాసుతో గట్టు మీదికొచ్చింది. కళ్ళు లోపలికి పోయాయి.

“ఏ ప్రశ్న దగ్గర తప్పేను మేష్టారూ?” అని అడిగింది. “నాకెంత ఆలోచించినా తెలీడం లేదు. చెప్పండి, దిద్దుకుంటాను.”

జమాలుద్దీన్ మజ్జిగ తాగలేకపోయాడు. గ్లాసు తిరిగిచ్చి సైకిలెక్కేశాడు.

ఆమె తర్వాత ఇంకెవరినీ అడగలేదు. పుస్తకం తెరిచి పోగుల బొమ్మ చూసేది. ఎంజైముల గురించి చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకునేది. తెలుగులో చెప్పడం తప్పేమో అనుకునేది. ఆఖర్న నవ్వడం పొగరనుకున్నారేమో అని కూడా అనుకుంది. అమ్మ రెండుసార్లు పిలిస్తే గానీ పలికేది కాదు.

సంబంధం ఖాయం చేసుకోడానికి పెళ్ళికొడుకు వాళ్ళు వస్తున్నారన్నారు. మేనత్త తలదువ్వి, జడ వేసి, కొత్త చీర కట్టించింది.

“తల దించుకునే ఉండవే. అడిగితేనే సెప్పు” అంది.

వీధిలో జట్కా ఆగింది. పరదేశి ఎదురెళ్ళాడు. నర్సమ్మ తలుపు వారన నిలబడి, నేలకేసి చూస్తూ ఉంది.

ముందుగా జట్కా దిగిన పెళ్ళికొడుకు తండ్రి త్రినాధరావు, పరదేశి రెండు చేతులూ పట్టుకుని, “ఎంత అడిగినా ఒక్క తప్పు కూడా చెప్పలేదు బావగారూ మీ అమ్మాయి” అన్నాడు.